మామ్మ నూనె రాసిన కంప్యూటర్

మొన్న శనివారం పొద్దున్న నా కంప్యూటర్ రిపేరు షాపు షట్టరు ఇంకా సగమే పైకి లేపాను, వీధిలో ఆటో ఆగింది. అందులోంచి మా నాన్న దిగాడు. సీటు మీద పాత వలలో మూటకట్టిన పెద్ద పెట్టె ఒకటి. "ఒలే జయా, ఇదెక్కడెట్టమంటావు? బేగి సెప్పు, ఆటోవోడు గోల సేత్తన్నాడు" అని రోడ్డు మీంచే కేకేశాడు. మా నాన్న మెల్లగా మాట్లాడగా నేను పుట్టి అప్పటిదాకా ఎరగను. పడవ మీంచి పడవకి కేకలేసుకున్న గొంతు అది, పలాస బజారుకొచ్చినా తగ్గదు. ఊళ్ళో మా పెంకుటిల్లు విప్పి శ్లాబు వేయిస్తున్నాడు. సామానంతా వీధిలో పడేసరికి పాత ఇనుము కొనేవాడు వాసన పట్టి వచ్చేశాడట. "ఆడు తూకం కూడా ఏసీసినాడు. ఇచ్చీబోతే మీ మామ్మ గుర్తొచ్చినాది, సెయ్యాడలేదు. నువ్వే సూసి సెప్పు, ఇది లేత్తాదా లేదా? లేవదంటే ఇక్కడే ఎవులికో ఇచ్చీ" అన్నాడు. "లేవకపోడం ఏటి నాన్నా!" అన్నాను. అనేశాక గానీ పెట్టె వైపు చూడలేదు. నా స్వభావమే అంత.

మూట విప్పగానే జీడినూనె వాసన గుప్పుమంది. పలాసలో బతికేవాళ్ళకి జీడి వాసన కొత్తేం కాదు. పిక్కలు కాల్చే పొగ మా బట్టల్లోనూ ఉంటుంది, కాఫీలోనూ ఉంటుంది, పొరుగూరి చుట్టాలు ముక్కు మూసుకుంటే తప్ప మాకు తెలియదు. కానీ ఇది ఆ వాసన కాదు. కొబ్బరినూనెలో కలిసి, ఏళ్ళ తరబడి పొర మీద పొరగా ఎండిన జీడినూనె వాసన. మా మామ్మ వాసన. నాన్న తల్లిని మేం మామ్మ అని పిలిచేవాళ్ళం. కిందటి వానాకాలంలో పోయింది. ఏడవాల్సినంతా అప్పుడే ఏడ్చేశాననుకున్నాను. షట్టరు సగం దించి మళ్ళీ కాసేపు ఏడ్చాను. నాన్న చూడనట్టు పక్క బడ్డీలో టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

మా ఊరున్న ఉద్దానం అనగానే చూసిపోయినవాళ్ళంతా కొబ్బరితోటల గురించి చెబుతారు. జీడితోటల నీడ గురించి, పనసపళ్ళ గురించి చెబుతారు. అక్కడ కాపురం చేసినవాళ్ళని అడిగితే ముందు చెప్పేది తుప్పు గురించి. మా ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరంటే, ఆటు పోటు వినే వంట ఎప్పుడు మొదలెట్టాలో మా అమ్మ తేల్చుకునేది. ఆ ఉప్పుగాలి ఇనుముని బతకనివ్వదు. కొత్త గొళ్ళెం బిగిస్తే వానాకాలం దాటేసరికి ఎర్రబడిపోతుంది. తాళం వేసి వారం రోజులు చుట్టాలింటికి వెళ్ళొస్తే తాళంచెవి తిరగదు. మేకుకి తగిలించిన చొక్కా తీస్తే వీపు మీద ఎర్రటి మచ్చ. మా అన్నయ్య పెళ్ళిచూపులకి అలాంటి మచ్చతోనే వెళ్ళాడు. అమ్మాయి తరఫువాళ్ళదీ తీరంలో ఊరే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ఉప్పుగాలితో మా మామ్మకి జీవితాంతం యుద్ధం. ఆవిడ ఆయుధం ఒక పాలపొడి డబ్బా. అందులో కొబ్బరినూనె, దానిలో కాస్త జీడినూనె. జీడిపిక్క పెంకులోంచి దిగే ఆ నల్లటి నూనెని మా వైపు పడవ చెక్కలకి రాస్తారు, చెక్క నానదు, పురుగు పట్టదు. చర్మానికి తగిలితే మాత్రం కాలిపోతుంది. చెక్కకి రాసేదాన్ని ఇనుముకీ రాయచ్చని కనిపెట్టింది మా మామ్మే. కనీసం ఆవిడ అలాగే చెప్పుకునేది. శనివారం తెల్లారగానే అంబలి తాగి, చేతులకి ముందు ఒట్టి కొబ్బరినూనె పట్టించుకుని, పుల్లకి గుడ్డ చుట్టి డబ్బాలో ముంచేది. తలుపు బందులు, గొళ్ళేలు, కత్తిపీట, నూతి గిలక, కుట్టుమిషను, నాన్న పడవ లంగరు, ట్రంకుపెట్టె మూలలు. ఇంట్లో ఇనుమనేది ఎక్కడ కనిపిస్తే అక్కడ ఒక పూత. "శనోరం నాడు ఇనుముకి నూనె పడితే ఆ ఇంట్లోకి శని రాడు. వొచ్చినా జారి పడతాడు" అనేది. ఆ పూటంతా ఇంట్లో ఏ గొళ్ళెం పట్టుకున్నా చేతికి జిగురంటేది. అమ్మ సణిగేది, మామ్మ వినిపించుకునేది కాదు. అమ్మ కుట్టుమిషను మాత్రం ఊళ్ళో అందరి మిషన్లూ మూలపడ్డాక కూడా తిరిగింది.

నేను డిగ్రీ మధ్యలో ఆపేసి పలాసలో ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగ్‌కి చేరిన రోజులవి. పొద్దున్నే ఊరి నుంచి ఆటోలో సుమ్మాదేవి స్టేషనుకి, అక్కణ్ణించి పాసింజర్లో పలాసకి. బండిలో నా చుట్టూ చేపల బుట్టలు, కొబ్బరికాయల బస్తాలు. నా ఒళ్ళో టిఫిన్ డబ్బా. సెంటర్లో నాకు ఇచ్చింది కిటికీ పక్క టైపింగ్ టేబులు. నా కళ్ళు మాత్రం ఎప్పుడూ వెనకగదిలో రిపేర్ టేబులు మీదే ఉండేవి. అక్కడ మెకానిక్ ఒకాయన కంప్యూటర్ పొట్ట విప్పి కూర్చునేవాడు. టైపింగ్ అయిపోగానే నేను వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. మరలు అందించేదాన్ని, ఊడిన తీగ చూపించేదాన్ని, అడిగిందే మళ్ళీ అడిగి విసిగించేదాన్ని. ఆయన మంచివాడు, విసుక్కుంటూనే అన్నీ చెప్పాడు. నా దగ్గర కూడా కొంత సరుకుంది లెండి. నాన్న పడవ ఇంజను మొరాయించినప్పుడల్లా పక్కన కూర్చుని చూసినదాన్ని. అన్నీ ఒక్కసారి అనుమానించకూడదు, అన్నీ విప్పి ఒక్కొక్కటీ తగిలిస్తూ పోవాలి, ఏది తగిలించాక ఆగిందో దొంగ అదే. కంప్యూటర్ కూడా అంతే. ఇందులో ఆడపిల్లకి చేతకానిదేముందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

ఆ మెకానిక్ విశాఖపట్నంలో పని దొరికి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన వారంలోనే సెంటర్లో అన్నిటికన్నా ముఖ్యమైన మిషను పడుకుంది. పెళ్ళి వీడియోలు కలిపి, పూలూ పావురాలూ ఎగిరించి క్యాసెట్లకి ఎక్కించే కంప్యూటర్ అది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నది దానికొక్కదానికే. స్విచ్చి నొక్కితే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయేది. సెంటర్ యజమానిని అందరం సార్ అనే పిలిచేవాళ్ళం. సార్ బరంపురం ఫోన్ చేసి, సోమవారం ఒక మెకానిక్ వచ్చేటట్టు మాట్లాడుకున్నారు. మిషను బాగుచేస్తే ఆ మనిషి ఇక్కడే ఉండిపోతాడు. అంటే రిపేర్ టేబులు అతనిది. ఆ సాయంత్రం వెళ్ళి సార్ ఎదురుగా నిలబడ్డాను. "సార్, నాను సేత్తాను. మిషను మా ఇంటికి తీసుకెల్లి సేసి తెత్తాను" అన్నాను. సార్ కళ్ళజోడు తీసి చూశారు. "నువ్వేటి సేత్తావమ్మా జయా? ఇది టైపింగ్ కాదు" అన్నారు. "సోమవారం నాటికి ఇది ఆడితే రిపేర్ టేబులు నాకివ్వండి. ఆడకపోతే టైపింగ్ తప్ప ఇంక నోరెత్తను" అన్నాను. సార్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఎలాగూ సచ్చిందే కదా, తీసుకెల్లు" అన్నారు. ఎలాగూ చచ్చిందే అన్న ఆ మాట మీదే నా బతుకంతా నిలబడింది.

తెరతో సహా దాన్ని ఇంటికి చేర్చడం ఒక ఊరేగింపు. నాన్న స్టేషనుకి పాత వల పట్టుకొచ్చి, కుదుపుకి దెబ్బ తగలకుండా మడత మీద మడత చుట్టాడు. పనికిరాదని మూలపడేసిన ఇంకో పవర్ సప్లై డబ్బా కూడా సెంటర్లో అడిగి తెచ్చుకున్నాను. మర్నాడు వీధి అరుగు మీద చాప పరిచి కూర్చున్నాను. ముందు పవర్ సప్లై ఊడదీసి, ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ పిన్నుతో కలిపి విడిగా నడిపి చూశాను. ఫ్యాను చక్కగా తిరిగింది. అంటే పూర్తిగా చావలేదు. తర్వాత మదర్‌బోర్డుకి కలిపాను, తిరిగింది. డిస్కు కలిపాను, తిరిగింది. గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే ఢమాల్. బరువు లేనంతసేపు నడిచి, బరువెత్తగానే కూలబడుతోందన్నమాట. డబ్బా విప్పే ముందు చాలాసేపు తీగ పీకేసి ఉంచాను, లోపల కరెంటు దాచుకుని కొడుతుందని మెకానిక్ చెప్పి ఉన్నాడు. విప్పి చూస్తే, ఆ కరెంటు దాచుకునే కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి ఉన్నాయి. రెండో డబ్బాలో వేరేదేదో కాలిపోయింది గానీ కెపాసిటర్లు నున్నగా ఉన్నాయి. అందులోవి తీసి ఇందులో అతికించాను. నాన్న వల బాగుచేసుకుంటూ ఓరగా చూసి, "రెండు సచ్చిన పీతల్ని కలిపి ఒక బతికిన పీతని సేత్తన్నావేటే?" అన్నాడు. "కరిసినప్పుడు తెలుత్తాది" అన్నాను.

కరిచింది. సాయంత్రానికి మిషను లేచింది, తెర వెలిగింది. పక్కిళ్ళ ఆడాళ్ళంతా అరుగు ముందు చేరారు. తెర మీద ఎవరివో పెళ్ళి ఫోటోలు తప్ప ఏమీ లేవు. అయినా పెళ్ళికూతురు చీర బాగుందనీ, పెళ్ళికొడుకు నల్లగా ఉన్నాడనీ అందరూ తలో మాట అన్నారు. నాకు గాల్లో తేలినట్టుంది. సోమవారం దాకా ఆగడమెందుకు, రేపే తీసుకెళ్ళి సార్ టేబులు మీద పెడదామనుకున్నాను. కానీ సొగసుగా ఇవ్వాలన్న యావ ఒకటి ఉంది కదా. మర్నాడు తెల్లారే లేచి, కార్డుతో సహా అన్నీ ఊడదీసి, కుంచెతో దుమ్ము దులిపి, అరుగు మీద పేపరు పరిచి వరసగా పేర్చాను. పైరేకులు, మరలు, కార్డు. స్నానానికి నీళ్ళు తోడుకుందామని నూతి దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు శనివారమన్న సంగతి నాకు తట్టనే లేదు.

స్నానం చేసి వచ్చి, చేతికి జిగురంటినా తొందరలో పట్టించుకోకుండా, అన్నీ బిగించి స్విచ్చి నొక్కాను. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం చీకటి. లోపల్నించి ఒక పొడుగు కూత, దాని వెనకే పొట్టి కూతలు. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే. నేను అతికించిన కెపాసిటరే ఊడిందనుకున్నాను. పవర్ సప్లై విప్పాను, అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి. మానిటర్ తీగ మార్చి చూశాను. మెమరీ తీసి పెట్టాను. ఊళ్ళో వోల్టేజీ తగ్గిందేమోనని బల్బు వైపు చూశాను, బాగానే వెలుగుతోంది. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. అమ్మ కంచం పట్టుకుని నా వెనకే తిరిగి, చివరికి విసిగి పిల్లికి పెట్టేసింది. ఆ పొడుగు కూతకి అర్థం నాకు తెలుసు, గ్రాఫిక్స్ కార్డు అందడం లేదని. కానీ నిన్న సాయంత్రం పెళ్ళికూతుర్ని చూపించిన కార్డు, దుమ్ము దులిపినందుకు చచ్చిపోతుందా? కార్డు పోతే మాత్రం నేను పోయినట్టే. పలాసలోనే దొరకదు, సోమవారం లోపల ఎక్కణ్ణించి తేను? టైపింగ్ టేబులూ, కిటికీ, ఇంక నోరెత్తనని సార్‌కి నేనిచ్చిన మాట కళ్ళముందు తిరిగాయి. కార్డు మళ్ళీ పీకి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాను.

కళ్ళకంటే ముందు ముక్కుకి తెలిసింది. జీడినూనె. కార్డు అడుగున, బోర్డులో దిగే చోట, బంగారు రంగు పళ్ళ వరస ఒకటి ఉంటుంది. కరెంటూ బొమ్మా అన్నీ ఆ పళ్ళలోంచే నడవాలి. ఆ వరస మొత్తానికి, అటూ ఇటూ, ఏ పన్నూ మిస్సవకుండా, శ్రద్ధగా, నున్నగా పూత. దానికి మా అరుగు మీది ఉప్పుదుమ్ము అంటుకుని, గోధుమరంగు బంకలా తయారైంది. పైరేకుల మీద పూత. ఒక్కో మర నెత్తి మీదా ఒక్కో చుక్క.

"మామ్మా!" అని అరిచిన అరుపుకి నాన్న వల వదిలేసి లేచాడు. మామ్మ దొడ్లోంచి తాపీగా వచ్చింది, చేతిలో డబ్బా ఇంకా ఉంది.

"ఏటే గుంటా, ఊరంతా ఇనిపించినట్టు అరుత్తన్నావు?"

"దీనికేటి రాసినావు?"

"ఏటి రాత్తాను? అన్నిటికీ రాసిందే రాసినాను. గొళ్ళేన్ని ఒగ్గని సముద్రం గాలి నీ కంపూటర్ని ఒగ్గెత్తాదా?"

"దీనికి నూనె రాయకూడదు మామ్మా! దీనివల్లే బొమ్మ రాటం లేదు! నా పని పోయినాది!"

"అలగ రాయకూడదని ఎవులు సెప్పారు నాకు? పళ్ళు బంగారం లాగున్నాయి, పాపం ఎంత ఖరీదో అనుకుని రెండోపాలి కూడా రాసినాను" అంది. అని, నా ముఖం చూసింది. నా కళ్ళలో నీళ్ళు చూసేసరికి ఆవిడ చేతిలో డబ్బా కిందికి దిగింది. గొంతు మాత్రం దిగలేదు. "ఏడిత్తే నూనె పోద్దేటే? రాసినదాన్ని నాను. ఎలగ తియ్యాలో నన్నడగాల గానీ."

నిజమే. జీడినూనె వదిలించడం ఆవిడకి తెలిసినంతగా ఊళ్ళో ఎవరికీ తెలియదు, చేతులు కాల్చుకుని నేర్చుకుంది. ఆదివారం పొద్దున్న ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. మెత్తటి పాత పంచె గుడ్డ చింపి, ఒక్క చుక్క కిరసనాయిలు అద్ది, పళ్ళ వరస మీద ఒకే వైపుగా తుడవమంది. ముందుకీ వెనక్కీ రుద్దితే బంక సందుల్లోకి పోతుందట. గుడ్డ మారుస్తూ, మళ్ళీ తుడుస్తూ, పొడిగుడ్డతో ఆరబెడుతూ మామ్మ ఒకవైపు, నేను ఒకవైపు. తర్వాత పని నాది. బళ్ళో వాడి పడేసిన తెల్ల రబ్బరు వెతికి తెచ్చి, పెన్సిలు గీత చెరిపినట్టు ఒక్కో పన్నూ చెరిపాను. లోపలి బంగారం మళ్ళీ బయటపడింది. కార్డు దిగే గాడిలో కూడా నూనె అంటే ఉంటుందని తట్టి, గట్టి అట్టముక్కకి గుడ్డ చుట్టి దింపి తీశాను. గుడ్డ గోధుమరంగులో వచ్చింది. తెల్లగా వచ్చేదాకా దింపుతూనే ఉన్నాను. చివరికి కార్డు నొక్కిపెట్టి, దాని మర బిగించి, స్విచ్చి మీద వేలు పెట్టాను. మామ్మ కళ్ళు మూసుకుని సముద్రం వైపు దణ్ణం పెట్టింది. ఈసారి ఒకే ఒక్క పొట్టి కూత వచ్చింది. తెర మీద పెళ్ళికూతురు నవ్వింది.

"సూసినావేటే, నూనె రాసినాక కదా లేసినాది" అంది మామ్మ. నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇక మీదట ఈ మిషను లోపలికి నీ పుల్ల రాకూడదని ఒట్టేయించుకోబోయాను. మామ్మ ఒట్టు వేయలేదు, బేరం పెట్టింది. "సరే, లోపల నీది. బయట నాది. బయటకి తుప్పొత్తే నన్నడుగు, లోపలకి తుప్పొత్తే నిన్నడుగుతాను." ఒప్పుకున్నాను.

సోమవారం మామ్మ కూడా నాతో బండెక్కింది. ఎందుకంటే చెప్పలేదు. పెట్టె వలలో నా కాళ్ళ దగ్గరుంది. నేను ఊడదీసిన కార్డుని మామ్మ తడి తగలకుండా పొడిచీరలో చుట్టి, తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సుమ్మాదేవి నుంచి పలాస దాకా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా, ఆగిపోయిన కంపూటర్ని తనూ మనవరాలూ కలిసి లేపిన సంగతి చెప్పింది. సెంటర్లో బరంపురం మెకానిక్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. తెలుగూ ఒడియా కలిపి మాట్లాడే, మర్యాదైన మనిషి. సార్ నా వైపు చూసి, "పెట్టమ్మా సూద్దాం" అన్నారు. మామ్మ ఒళ్ళోంచి కార్డు తీసుకుని అందరి ముందూ బిగించాను. ఒక్క మర కూడా జారలేదు. ఆ సంగతి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. స్విచ్చి నొక్కాను. పొట్టి కూత, తెర, పెళ్ళికూతురు. బరంపురం ఆయన వంగి కార్డు చూసి, నా అతుకులు చూసి, తల ఊపి, ముక్కు ఎగబీల్చాడు. "ఇదేంటి, మిషను జీడి వాసన వస్తుంది?" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ మామ్మ అందుకుంది. "వాసనొత్తే ఏటి బాబూ, బొమ్మ వొత్తన్నాది కదా!" సార్ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ మధ్యాహ్నమే నా టిఫిన్ డబ్బా కిటికీ పక్క నుంచి వెనకగదిలోకి మారింది.

తర్వాత కొన్నేళ్ళకి సార్ కొత్త మిషను కొన్నప్పుడు పాతదాన్ని నాకే ఇచ్చేశారు. నీ చేత్తో లేచింది, నీ దగ్గరే ఉండనీ అన్నారు. మళ్ళీ అదే వల, అదే పాసింజరు, అదే అరుగు. నాకు పెళ్ళయి పలాస వచ్చేదాకా ఊళ్ళోవాళ్ళ ఫోటోలు, శుభలేఖలు దాని మీదే చేశాను. నేను వచ్చేశాక అది మూలగదిలో ఉండిపోయింది. మామ్మ మాత్రం బేరం తప్పలేదు. ఎప్పుడు ఊరెళ్ళినా శనివారం ఆవిడ గొళ్ళేలూ గిలకా అయ్యాక మూలగదిలోకి వెళ్ళడం చూసేదాన్ని. పెట్టె నాలుగు వైపులా పూత పూసి, తలుపు దగ్గర ఆగి, "లోపల నాను ముట్టలేదు, సూసుకో" అనేది. ఆ మధ్య పెద్ద తుఫానుకి మా వైపు జీడిచెట్లన్నీ వేళ్ళతో లేచిపోయినప్పుడు జీడినూనె దొరకడం కష్టమైంది. పలాస నుంచి నేను సీసాలో పంపేదాన్ని. మోకాళ్ళ నొప్పులని మంచం దిగని రోజుల్లో కూడా శనివారం దిగేదని అమ్మ ఫోన్లో మొత్తుకునేది.

ఇప్పుడు నా షాపులో రిపేర్ టేబుల్ దగ్గర ఇద్దరు ఆడపిల్లలు కూర్చుంటారు. ఒకమ్మాయిది నందిగాం, ఇంకో అమ్మాయిది టెక్కలి. ఇద్దరి చేతులూ నా చేతులకంటే చురుకు. ఎవరూ వాళ్ళని సోమవారం దాకా గడువు పెట్టి పరీక్షించరు, నేనసలు పెట్టనివ్వను. కానీ వాళ్ళ టేబుల్ మీదికి వచ్చే సరుకు చూస్తే జాలేస్తుంది. మరలుండవు, జిగురుతో అతికించేస్తారు. మెమరీ ఊడదు, కార్డు ఊడదు, అంతా ఒకే పలక. ఒక్కటి పోతే మొత్తం మార్చమంటారు. దొంగని ఒక్కొక్కటిగా వెతికి పట్టుకునే సుఖం ఈ పిల్లలకి సగమే మిగిలింది. వేగం పెరిగిందంటే ఒప్పుకుంటాను, బరువు తగ్గిందంటే ఒప్పుకుంటాను. విప్పి చూడలేనిది మన వస్తువు ఎలా అవుతుందని మాత్రం నేను వచ్చినవాళ్ళందరితోనూ పోట్లాడుతూనే ఉంటాను.

నాన్న టీ తాగి వచ్చేసరికి నేను చీర కొంగు బిగించి పెట్టె ముందు కూర్చున్నాను. రేకు మీద పూత ముదురు తేనెరంగులో గట్టిపడి ఉంది. వెతికి వెతికి చూశాను, తుప్పు మచ్చ ఒక్కటి లేదు. ఉద్దానం సముద్రం పక్కన ఇన్నేళ్ళున్న ఇనుము మీద ఒక్క మచ్చ లేదంటే ఎవరైనా నమ్ముతారా? పూత మీద కాస్త గోరు పెట్టి గీరితే మరలు ఒక్కొక్కటీ మాట విన్నాయి. లోపల మాత్రం అధ్వాన్నం. పవర్ సప్లై డబ్బా ఎర్రగా తుప్పు కారింది, నా పాత అతుకులు ఆకుపచ్చగా పూశాయి. కార్డు ఫ్యాను బిగుసుకుపోయింది, దాని పళ్ళు నల్లబడ్డాయి. నా వాటా నేను చూసుకోలేదు, మామ్మ వాటా మామ్మ చూసుకుంది. ఇప్పుడు ఆవిడే ఉంటే డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి నన్ను కడిగేసేది.

సరే, పని మొదలెట్టాను. పవర్ సప్లై కొత్తది పెట్టాను. ఫ్యానుకి చుక్క నూనె వేసి వేలితో తిప్పి తిప్పి వదులు చేశాను. స్విచ్చి నొక్కగానే ఒక పొడుగు కూత, వెనకే పొట్టి కూతలు. టెక్కలి అమ్మాయి కంగారుగా చూసింది. నేను నవ్వాను. ఆ కూత ఇన్నేళ్ళ తర్వాత విన్నందుకు సంతోషమేసింది. సొరుగులోంచి తెల్ల రబ్బరు తీసి, కార్డు పళ్ళు ఒక్కొక్కటీ చెరిపాను. గాడిలో అట్టముక్క దింపి తీశాను. మళ్ళీ నొక్కాను. ఒకే ఒక్క కూత వచ్చి, తెల్ల అక్షరాలు వరసగా దిగాయి. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి తారీఖు ఎంతో దానికి తెలియదు, దిద్దమని అడిగింది. నాన్న తెర వైపు చూసి, పెద్దగా, "లేసినాదే!" అని బజారంతా వినిపించేలా అరిచాడు.

తర్వాత సంచీలోంచి పాలపొడి డబ్బా తీసి టేబులు మీద పెట్టాడు. పుల్ల అందులోనే ఉంది, గుడ్డ గట్టిపడిపోయింది. "ఇది కూడా తెచ్చినాను. ఏటి సెయ్యాలో తెలక. లోపలంటే నువ్వు సూసుకుంటావు. మరి బయట ఇంక ఎవులు సూత్తారే?" అన్నాడు. మా నాన్న అంత మెల్లగా మాట్లాడగా వినడం అదే మొదలు. పలాసలో ఉప్పుగాలి లేదు, ఇక్కడ ఇనుముకి పూత అవసరం లేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. పుల్లకి చుట్టిన పాత గుడ్డ విప్పి, కొత్త గుడ్డ చుట్టాను. చేతులకి ముందు ఒట్టి కొబ్బరినూనె పట్టించుకున్నాను.

"బయట కూడా నాదేలే నాన్నా" అన్నాను. "ఇవాళ శనివారమే కదా."